గోడ తడిగా ఉన్నప్పుడు

రేగులపాలెం మిషన్ గుడికి ఏటా క్రిస్మస్ ముందు సున్నం వేసేది కుష్ఠు ఆసుపత్రి కాలనీవాళ్లే. పట్నంలో గుళ్లన్నీ మెరిసే పెయింట్లు పూసుకుని పెళ్లికొడుకుల్లా నిలబడినా, ఇక్కడ మాత్రం తొట్టెలో సున్నం నానాల్సిందే, కొబ్బరిపీచు కుంచెలు ఆడాల్సిందే. నూరేళ్ల కిందట ఆల్డెన్ దొర అనే డాక్టరు ఆసుపత్రినీ గుడినీ పక్కపక్కనే కట్టించాడు. గుళ్లో రోగులు తమ పక్కన కూర్చోవడానికి ఊళ్లోని క్రైస్తవులు ఒప్పుకోలేదట. "సరే, కూర్చోవద్దు. గోడలకి సున్నం వెయ్యండి" అన్నాడట దొర రోగులతో. వేశారు. తమ చేతులతో తెల్లబరిచిన గోడల మధ్యనుంచి వాళ్లను బయటికి పొమ్మనడానికి ఆ క్రిస్మస్‌నాడు ఎవరికీ నోరు రాలేదు. అప్పట్నించీ అది కాలనీవాళ్ల హక్కు. వేళ్లు పోయినవాళ్లు కుంచెను మణికట్టుకు కట్టించుకుని మరీ వేస్తారు.

బిషప్ థియోఫిలస్ రాజారత్నం గారికి ఆ సున్నం తొట్టె అంటే చిన్నచూపు. అది తన కొంప ముంచుతుందని మాత్రం ఆయన కలలో కూడా అనుకోలేదు. తమాషా ఏమిటంటే, ఆ గోడను మాట్లాడించమని పిలిచి మరీ చెప్పింది ఆయనే.

పిలిపించింది కెజియాని. ఆమె ఆ గుళ్లోనే పెరిగింది. అక్కడ పాస్టరుగా చేసి రిటైరైన జ్ఞానప్రకాశం గారి ఒక్కగానొక్క కూతురు. ఇప్పుడు గుంటూరులో పాత కట్టడాల మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో శాస్త్రవేత్త. ఆమె తయారుచేసిన యంత్రం గురించి పేపర్లో ఫోటోతో సహా వచ్చింది. బిషప్ గారు ఆ పేపరును మడిచి బల్ల మీద పెట్టుకున్నారు.

"గోడలోంచి పాత మాటలు వినిపిస్తుందటగా మీ మిషను? మన ఆల్డెన్ దొరగారి గొంతు వినిపించగలవా?"

"సున్నం ఆరుతున్నప్పుడు ఆయన గుళ్లో మాట్లాడి ఉంటే దొరకొచ్చు అయ్యగారూ."

"మాట్లాడకుండా ఎందుకుంటాడమ్మా! నూరేళ్ల పండక్కి మంత్రిగారు వస్తున్నారు. ఆయన ముందు దొరగారి ఆశీర్వాదం గోడలోంచి రావాలి. ఆ రోజే కొత్త మహా దేవాలయానికి శంకుస్థాపన. ఇక మన డయాసిస్ గుళ్లన్నిటి మాటకీ తిరుగుండదు."

కెజియా సరేనంది. దొర గొంతు వినాలని ఆమెకీ ఉంది. అంతకంటే ఎక్కువగా వినాలని ఉన్న గొంతు ఇంకొకటి ఉంది, అది బిషప్ గారికి చెప్పలేదు.

ఆ యంత్రానికి ఆమె, ఆమె సహచరి ముంతాజ్ పెట్టుకున్న పేరు "వినికి". తడి సున్నం గాలిలోంచి, మనుషులు వదిలిన ఊపిరిలోంచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రాయిగా మారుతుంది. అలా గట్టిపడేటప్పుడు దగ్గర్లో పుట్టిన శబ్దాల అదురు లోపలి స్ఫటికాల వరసలో చిక్కుకుపోతుంది. ఏటేటా సున్నం వేసే గోడకి ఏడాదికో పొర. వినికిలోని సన్నటి లేజరు ఆ పొరను రేణువు రేణువుగా వేడిచేస్తే, స్ఫటికాలు చిట్లుతూ తాము దాచుకున్న అదురును వదిలేస్తాయి. మొదటిసారి వాళ్లు ఒక పాత రైస్‌మిల్లు గోడ పెచ్చును యంత్రం కింద పెట్టారు. చాలాసేపు గరగర తర్వాత హెడ్‌ఫోన్‌లో ఎవరో ముసలాయన, "బస్తా మూతి సరిగ్గా కుట్టరా సన్నాసీ!" అని అరిచాడు. ముంతాజ్ పడీపడీ నవ్వి, తర్వాత ఏడ్చేసింది. చూస్తే పెచ్చు మీద ఆ మేరకు పొర లేదు, బల్ల మీద చిటికెడు బూడిదలాంటి పొడి ఉంది.

"ఒక్కసారేనా కెజియా? వింటే పోయినట్టేనా?" అంది ముంతాజ్.

పోయినట్టే. రికార్డు చేసుకోవచ్చు, కానీ గోడలో ఇక ఉండదు. కెజియా ఆ పొడిని పారబొయ్యలేక కాగితంలో పొట్లం కట్టింది.

ఈ సంగతి విన్నప్పుడు జ్ఞానప్రకాశం గారు లేజరు గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. పడక్కుర్చీలోంచి ముందుకు వంగి, "అయితే మీ అమ్మ గొంతు ఉండాలమ్మా అందులో" అన్నారు.

తల్లి హెప్సిబా గుడి పాటల బృందంలో పెద్ద గొంతు. కెజియా బడిలో చదివే రోజుల్లో పోయింది. పోయే ముందటి క్రిస్మస్‌కి, గోడ సున్నం ఇంకా పూర్తిగా ఆరకముందే, దగ్గుతో సతమతమవుతూనే, ఒక్కర్తే నిలబడి ఒక పాట పాడింది. అప్పట్లో వాళ్లింట్లో ఉన్న ఒక్క టేపురికార్డరూ పాడైపోయి ఉంది. ఆమె గొంతు ఈ భూమ్మీద ఎక్కడా లేదు, ఆ గోడలో తప్ప.

పీఠం వెనక అర్ధచంద్రంలా వంగిన గోడ ఒక్కటే పనికొచ్చేది. మిగతా గోడలు జనం వీపుల రాపిడికి, పిల్లల గోళ్లకి ఎప్పుడో అరిగిపోయాయి. కెజియా అక్కడ స్టాండు బిగించి వినికిని ఆన్ చేసింది. మొదటి బెంచీలో సంతోషమ్మ చేరి చోద్యం చూడసాగింది. కాలనీ ఆడవాళ్లలో ఆమే పెద్ద. జబ్బు ఎప్పుడో నయమైంది గానీ రెండు చేతులకీ వేళ్లు మిగల్లేదు. సున్నం వెయ్యడంలో మాత్రం ఆమెను మించినవాళ్లు లేరు.

"ఏంది పాపా, గోడకి జొరం చూస్తన్నావా?"

"గోడ మాటలు వింటున్నా పెద్దమ్మా. నీ గొంతు కూడా ఉంటుంది ఇందులో."

"నాదా! నేను నోరు తెరిస్తే అన్నీ తిట్లే గదే. ఆపెయ్ ఆపెయ్!"

పై పొరలు కొత్తవి. పండగ ముందు పాటల సాధన, బల్లలు జరిపిన చప్పుడు, ఎవరిదో తుమ్ము. నాలుగేళ్ల కిందటి పొరలోకి వెళ్లేసరికి దబ్బుమని పెద్ద చప్పుడు, వెంటనే సంతోషమ్మ కేక. కెజియాకి నవ్వాగలేదు. ఆ ఏడు సంతోషమ్మ నిచ్చెన మీదనుంచి పడిన సంగతి ఊరంతా ఎరిగినదే. పడుతూ ఆమె అన్న మాటను ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుతారు.

తర్వాత మనుషులు వెళ్లిపోయిన నిశ్శబ్దం. ఆ తర్వాత తలుపు చప్పుడు, రెండు జతల బూట్లు.

"ఫోన్లు కార్లోనే పెట్టారుగా? ఇక్కడైతే నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు." అది బిషప్ గారి గొంతు.

కెజియా నవ్వు అక్కడే ఆగిపోయింది. రెండో గొంతు మంత్రిగారిది. సభల్లో, టీవీలో వినీ వినీ ఎవరైనా పోల్చుకోగల గొంతు. హైవే పక్కన ఉన్న ఆసుపత్రి, కాలనీ స్థలమంతా మంత్రిగారి మనుషుల షాపింగ్ కాంప్లెక్సుకి లీజు. మంత్రిగారి పూచీ మీద బిషప్ గారి అల్లుడికి ఎమ్మెల్యే టికెట్. కొంత జాగాలో ఒక మహా దేవాలయం, జనం కళ్లు నిండటానికి. సున్నం వాసన వేస్తున్న గుళ్లో, పీఠం పక్కనే నిలబడి, ఇద్దరూ సంతలో గొడ్డును మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు.

"కాలనీలో ముసలాళ్లున్నారు గదా, గొడవ చేస్తే?" అన్నాడు మంత్రి.

"మావాళ్లకి దేవుని చిత్తం అని చెబితే చాలండీ, నోరెత్తరు."

"మరి ఓట్లో?"

"ఎన్నికల ముందు ఆదివారం అన్ని గుళ్లలో నా ఉత్తరం చదువుతారు. అదీ దేవుని చిత్తమే." ఇద్దరూ నవ్వారు.

కెజియా హెడ్‌ఫోన్ తీసేసింది. "ఏమైంది పాపా? అట్టా తెల్లబోయినావేంది?" అంది సంతోషమ్మ. ఆమె ఇల్లు కాలనీ మొదటి వరసలోనే ఉంది. మొగుణ్ని పాతిపెట్టింది దాని వెనకున్న శ్మశానంలో. కెజియా మళ్లీ వినికి వైపు తిరిగింది. అక్కడ కింది పొరలు చూద్దామంటే అన్నీ పిండిపిండిగా ఉన్నాయి. అమ్మ పోయిన తర్వాత వచ్చిన తుఫానుకి పెంకులు లేచిపోయి, ఆ గోడ మీదుగా నీళ్లు కారాయి. పాతవి చెక్కుచెదరకుండా ఉన్నది ఒక్కచోటే, గోడ మధ్యలో పెద్ద కొయ్య సిలువ వెనక. ఏటా సున్నానికి సిలువను దించుతారు, ఆరాక మళ్లీ తగిలిస్తారు. అమ్మ పాట, దొర మాట ఉంటే అక్కడే ఉండాలి.

కెజియా మర్నాడు బిషప్ బంగళాకి వెళ్లింది. దాచిపెట్టుకుని తిరగడం ఆమెకి చేతకాదు. "అయ్యగారూ, నేను మీ మాటలు విన్నాను" అని మొహం మీదే చెప్పేసింది.

బిషప్ గారు కంగారు పడలేదు. ఇద్దరికీ కాఫీ తెప్పించారు. "చిన్నదానివి. మనమెంతమంది ఈ దేశంలో? గుప్పెడు. రేపు ఎవరో నలుగురు వచ్చి గుడి తలుపులు పగలగొడితే ఎవడు అడ్డం నిలబడతాడు? అధికారంలో ఉన్నవాడి చెయ్యి మన భుజం మీద ఉండాలి. ఆ చెయ్యి ఊరికే రాదు. కాలనీవాళ్లకి ఊరి బయట ఇళ్లిస్తారు. మిగతా సంఘమంతా చల్లగా ఉంటుంది. నేను చేసింది సంఘం కోసమే."

"మీ అల్లుడిగారి టికెట్ కూడా సంఘం కోసమేనా అయ్యగారూ?"

అప్పుడు కప్పు కింద పెట్టారాయన. "నీ దగ్గరున్న రికార్డు పట్టుకుని ఊరంతా తిరుగు. కంప్యూటరు ఏ గొంతునైనా చేస్తుందని ఇవాళ పసిపిల్లలకీ తెలుసు. నా గొంతు చేశావంటాను, నమ్ముతారు. ఆ విద్య నీకెలాగూ వచ్చు గనుక దొరగారి గొంతు చెయ్యి. మాటలు నేను రాసిస్తా. మీ నాన్నగారుండే క్వార్టర్సు మిషన్‌దని గుర్తుంది కదా? ఆ వయసులో ఇల్లు మారడం కష్టం."

కెజియా లేచి నిలబడింది. ఏమీ అనలేదు. తాగని కాఫీ అక్కడే వదిలేసి బయటికి నడిచింది. బిషప్ గారు దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు. ఆయనకి అలవాటైన నిశ్శబ్దం అది.

ఆ వారంలోనే గుళ్లో పెయింటర్లు దిగారు. పండగకి ముస్తాబు అన్నారు. కెజియా పరుగున వెళ్లేసరికి పీఠం వెనక గోడంతా గీకేసి, నున్నటి క్రీము రంగు పూసి పోయారు. గుమ్మం దగ్గర సంతోషమ్మ నిప్పులు కక్కుతోంది.

"మేం వేసిన సున్నాన్ని తోలు వొలిచినట్టు వొలిచిపోయారే పాపా! పోనీ పని తెలుసా అంటే అదీ లేదు. సిలవని దించకుండానే చుట్టూతా గీకి పూసిపోయారు. సిలవ దించకుండా ఎవురన్నా కుంచె పడతారంటే?"

కెజియా చటుక్కున సిలువ వెనక వేలు పెట్టి చూసింది. గరుగ్గా సున్నం తగిలింది. పొరలన్నీ అలాగే ఉన్నాయి. ఆమె అక్కడే పీఠం మెట్టు మీద కూర్చుంది. సంతోషం, దుఃఖం ఒక్కసారే ముంచుకొచ్చాయి.

ఎందుకంటే జనం నమ్మాలంటే ఒక్కటే దారి. వాళ్ల కళ్లెదుటే, గోడలోంచే, లౌడ్‌స్పీకర్లో వినిపించాలి. అంత గట్టిగా, అంత వేగంగా వినిపించాలంటే లేజరు తీవ్రత బాగా పెంచాలి. పెంచితే కింది పొరలన్నీ ఇటుక దాకా మాడిపోతాయి. పోనీ ముందు అమ్మ పాటను నెమ్మదిగా తీసుకుందామంటే, దాని మీదున్న పొరలు పోవాలి. గోడంతా ఒకే సున్నం గనుక బేరం ఉన్నదీ ఆ పొరల్లోనే. ఉన్నది ఆ కాస్త జాగానే. అమ్మ గొంతా, వాళ్ల మాటా, రెండిట్లో ఒకటే.

ఇంటికి వెళ్లి నాన్నకి అంతా చెప్పింది. చెబుతూ ఏడ్చింది. జ్ఞానప్రకాశం గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడుస్తూనే ఉన్నారు.

"నాన్నా, నువ్వు వద్దంటే నేను ముట్టుకోను. ఇన్నాళ్లూ ఎదురుచూశావు."

"మీ అమ్మ పాట నాకు వచ్చమ్మా. నీకూ వచ్చు. వాళ్లు మాట్లాడుకున్న మాట మాత్రం జనానికి రాదు." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "ప్రభువుని కొండెక్కించి రాజ్యాలన్నీ ఇస్తానన్నది ఎవడు, సాతాను కాదూ? ఆయన ఛీ పొమ్మన్నదాన్ని వీళ్లు పీఠం పక్కన నిలబడి పుచ్చుకుంటారా? ఆయన పేరు చెప్పి? నేను జనానికి అణకువ నేర్పింది దేవుడి ముందు వంగమని. వీళ్ల కాళ్ల కింద పరుచుకోమని కాదు. కానివ్వు. హెప్సిబా ఉంటే ఈపాటికి నీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేది."

"ఇల్లు ఖాళీ చెయ్యమంటారు నాన్నా."

"అననీ. చెట్టు కింద కూర్చుని చదువుకుంటా బైబిలు."

నూరేళ్ల పండగనాడు గుడి కిటకిటలాడింది. మంత్రిగారు గజమాలతో వేదిక మీద కూర్చున్నారు. దేవుని గుళ్లో మనిషికి అంత దండ వెయ్యడమేమిటని ఎవరూ అడగలేదు. కాలనీవాళ్లని ఆఖరి వరసల్లో కూర్చోబెట్టారు. బిషప్ గారు మైకు ముందుకొచ్చి, ఆసుపత్రి మూతపడటం, కాలనీ ఊరి బయటికి తరలడం, మహా దేవాలయం లేవడం అన్నీ వరసగా చెప్పి, "ఇది దేవుని చిత్తం" అని ముగించారు. గుళ్లో ఎవరూ నోరెత్తలేదు.

"ఇప్పుడు మన ఆల్డెన్ దొరగారు మనల్ని ఆశీర్వదిస్తారు. కెజియా, రామ్మా."

కెజియా వినికి దగ్గరికి వెళ్లి, వెనక వరసల వైపు చూసింది. "పెద్దమ్మా, సిలువని దించాలి."

సంతోషమ్మ లేచింది. ఆమెతోపాటు కాలనీవాళ్లు కొందరు లేచి, నడవా మీదుగా నడిచి వచ్చారు. చేతులు మొండివైనా పట్టు తప్పలేదు. ఏటా చేసే పనిలాగే, సిలువను ఎత్తి, దించి, పీఠానికి ఆనించారు. మంత్రిగారు కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. క్రీము రంగు గోడ మధ్య సిలువ ఆకారంలో తెల్లటి సున్నం కనిపించింది. బిషప్ గారి మొహంలో నవ్వు కదలలేదు గానీ కళ్లు మాత్రం ఆ తెలుపు మీదే నిలబడిపోయాయి.

"ఇది నాలుగేళ్ల కిందటి క్రిస్మస్ సున్నం. గుర్తుందో లేదో మీరే చెప్పండి" అని కెజియా మీట నొక్కింది.

పైనున్న కొత్త పొరలు కాసేపు గరగరమంటూ రాలిపోయాయి. దబ్బుమని చప్పుడు. లౌడ్‌స్పీకర్లు అదిరేలా సంతోషమ్మ గొంతు: "ఓరి దేవుడో! ప్రభువా, ముందు నిచ్చెన పట్టుకోవయ్యా, నా ఆత్మ సంగతి తర్వాత చూద్దువు గానీ!"

గుడి గుడంతా గొల్లుమంది. పిల్లలు బెంచీలెక్కారు. "అదే, అదే మాట! గోడే చెబుతోంది!" అని ఎవరో అరిచారు. సంతోషమ్మ సిగ్గుతో మొండి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వులు ఇంకా ఆగకముందే తలుపు చప్పుడు వినిపించింది, రెండు జతల బూట్లు వినిపించాయి.

"ఫోన్లు కార్లోనే పెట్టారుగా?"

బిషప్ గారు మైకు లాక్కుని, "ఆపండి! ఇది కంప్యూటరు మాయ!" అన్నారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. అందరి కళ్లూ గోడ మీదే ఉన్నాయి. అక్కడ సున్నం పొగలాగా రాలుతోంది, రాలిన మేరకు మాట వస్తోంది. లీజు వచ్చింది. అల్లుడు వచ్చాడు. ముసలాళ్లు వచ్చారు. "మావాళ్లకి దేవుని చిత్తం అని చెబితే చాలండీ, నోరెత్తరు." ఆ నవ్వు గుడి కప్పుకి తగిలి కిందికి పడింది.

కెజియాకి ఆ మాటలు వినపడటం లేదు. ఆమె చూస్తున్నది కిందికి రాలుతున్న పొడిని. తెల్లటి పై పొరల తర్వాత కాస్త పసుపు పొర, అమ్మ పాడిన ఏటిది, ఎర్రగా కమిలి, పొడై, ఆమె చెప్పుల మీద పడింది. ఇటుక బయటపడింది. ఆమె దోసిలి పట్టింది గానీ అందులో పడింది కాస్తే.

ముందుగా లేచినవాళ్లు వెనక వరసలవాళ్లు. తర్వాత ముందు వరసలు. "మేం నోరెత్తమా? ఎవురు చెప్పారు నీకు?" సంతోషమ్మ వేదిక అంచుకి వెళ్లి బిషప్ గారి మొహంలోకి చూసింది. "దేవుడి చిత్తం నీ జేబులో ఉండిద్దా అయ్యా?" ఆమె వెనక గుడి మొత్తం ఒక్క గొంతై అరిచింది. మంత్రిగారు గజమాల కుర్చీలోనే వదిలేసి పక్క తలుపులోంచి జారుకున్నారు. కాసేపటికి బిషప్ గారి కారు కూడా గేటు దాటింది.

అంతటితో లీజు రద్దయిపోలేదు. అలా అయితే కథలు రాసేవాళ్లకి పనే ఉండదు. మంత్రిగారు తనకేమీ తెలియదని టీవీలో చెప్పారు. జ్ఞానప్రకాశం గారికి క్వార్టర్సు ఖాళీ చెయ్యమని మనిషి వచ్చి చెప్పిపోయాడు. ఆయన ఆ మనిషికి మంచినీళ్లిచ్చి, "ఖాళీ చెయ్యనని చెప్పు నాయనా" అన్నారు. ఆ ఆదివారం కాలనీవాళ్లు క్రిస్మస్ కోసం ఆగకుండా తొట్టెలో సున్నం నానబెట్టారు. క్రీము రంగును గీకిపారేశారు. ఇటుక కనిపిస్తున్న చోట గార పూసి, దాని మీద సంతోషమ్మ, మణికట్టుకు కట్టిన కుంచెతో, పైనుంచి కిందికి తెల్లగా లాగింది.

"పాపా, ఎంతసేపట్లో ఆరిద్ది?"

"ఇంకా టైముంది పెద్దమ్మా. చెప్పాల్సినవాళ్లు చెప్పొచ్చు."

మొదట జ్ఞానప్రకాశం గారిని ముందుకు తోశారు. ఆయన గోడకి దగ్గరగా నిలబడి, కళ్లు మూసుకుని, భార్య పాడిన పాట ఎత్తుకున్నారు. గొంతు చాలాచోట్ల జారింది. రెండో చరణంలో కెజియా కలిసింది. సున్నం కలిపిన నీళ్లలో అమ్మ పొరలోంచి దక్కిన ఆ కాస్త పొడి కూడా ఉందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత సంతోషమ్మ కుంచె పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, గోడతో మాట్లాడింది.

"నా పేరు సంతోషమ్మ. నా మొగుడు ఈడనే మట్టిలో ఉన్నాడు. నేనూ ఈడనే ఉంటా, ఏడికీ పోను. ఇది నా చిత్తం."

గోడ ఇంకా తడిగానే ఉంది. వెనకున్నవాళ్లు వరసలో ఒక్కడుగు ముందుకు జరిగారు.